పిల్లని చూడనివ్వకపోతే నెలనెలా ఇచ్చే డబ్బు ఆపొచ్చా?

రణస్థలం ఫిట్టర్

అందరికీ నమస్కారం. నేను పైడిభీమవరం వైపు ఒక కంపెనీలో ఫిట్టర్‌గా చేస్తున్నాను. నేనూ నా భార్యా విడిగా ఉండబట్టి రెండేళ్లు దాటింది, విడాకుల కేసు ఎవరూ వేయలేదు. పాపకి ఆరేళ్లు, విజయనగరంలో వాళ్ల అమ్మమ్మ ఇంట్లో ఉంటుంది. మనోవర్తి కేసులో పాప పేరున నెలకి 6,000 ఇమ్మని మేజిస్ట్రేట్ కోర్టు ఆర్డర్ ఇచ్చింది. నా చేతికి వచ్చేది 27,000. పద్నాలుగు నెలలు ఐదో తారీఖు దాటకుండా వేశాను, ప్రతి నెలకీ ఫోన్‌లో రుజువుంది.

పాపని చూడ్డం గురించి మాత్రం కోర్టులో ఏమీ రాయించుకోలేదు. రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుని, నెలలో రెండో ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లి చూసి రావాలని అనుకున్నారు, అంతే. కొన్నాళ్లు బాగానే జరిగింది. ఏడు నెలల నుంచి వెళ్తే తలుపు తీయడం లేదు. ఒకసారి జ్వరం అంటారు, ఒకసారి ఊరెళ్లింది అంటారు, ఫోన్ చేస్తే కట్ చేస్తారు. కిందటేడు సిరిమానోత్సవానికి పాపని భుజాల మీద ఎక్కించుకుని చూపించాను. ఈ ఏడు ఒక్కడినే వెళ్లి మూడు లాంతర్ల దగ్గర పొద్దున్నుంచీ నిలబడ్డాను, జనంలో ఎక్కడైనా కనపడుతుందేమోనని. కనపడలేదు.

దసరాకి చెప్పులు కొందామని షాపుకెళ్తే కుర్రాడు ‘ఏ సైజు సార్’ అన్నాడు. కిందటేడు పది. ఇప్పుడెంతో నాకు తెలీదు. పది, పదకొండు, పన్నెండు వరుసగా బల్ల మీద పెట్టాడు. పాప పాదం నా అరచేతిలో ఎంతవరకు వచ్చేదో గుర్తు తెచ్చుకుందామని ఒక్కోటీ చేతిలో పెట్టుకుని చూశాను. కుదర్లేదు. ఏమీ కొనకుండా వచ్చేశాను.

ఆ కోపంలో రెండు నెలలుగా డబ్బు వేయలేదు. పిల్లని చూపిస్తే వేస్తానని కబురు పెట్టాను. మా అమ్మ మంచి పని చేశావంటోంది, మా బావ తప్పంటున్నాడు. మీరు చెప్పండి, తప్పా?

పాలకొండ రోడ్డు

తప్పేం కాదు తమ్ముడూ, ఆపేయ్. నేను ఇదే దారిలో నడిచినవాడిని. ఇచ్చినన్నాళ్లూ మనం వాళ్లకి కనపడం. ఆపిన మర్నాడే ఫోన్ వస్తుంది. డబ్బుకి తండ్రి కావాలి, పిల్లకి తండ్రి అక్కర్లేదా? కోర్టులు కూడా డబ్బు మాటకొస్తే మన మీద వారెంట్ పంపిస్తాయి, చూపించే మాటకొస్తే వాయిదా మీద వాయిదా. మన చేతిలో ఉన్నది ఆ ఒక్క తాడే. అది కూడా వదిలేస్తే నీ కూతురు నీ మొహం మర్చిపోతుంది.

విజయనగరం ప్లీడర్

నేను ఇక్కడ జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తాను, కుటుంబ కేసులే ఎక్కువ. ఫిట్టర్ గారూ, ముందు ఆ రెండు నెలలదీ కట్టేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకంటే ఆ 6,000 పడేది మీ భార్య ఖాతాలోనే గానీ, అది ఆవిడది కాదు, పాపది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, అంటే సీఆర్‌పీసీలో, 125 అని మనందరికీ తెలిసిన మనోవర్తి సెక్షనే 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 144 అయింది, నంబరు మారింది గానీ సారం అదే. ఆర్డర్ ఉండి కట్టకపోతే వాళ్లు బకాయి పిటిషన్ వేస్తారు, జరిమానా వసూలు చేసినట్టు వారెంట్ మీద వసూలు చేస్తారు, అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి ఒక నెల వరకు జైలు వేయొచ్చు. జైల్లో కూర్చుంటే బాకీ తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. తీరదు. కుల్దీప్ కౌర్ కేసులో 1989లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది, జైలు అనేది కట్టించడానికి ఒక మార్గమే గానీ కట్టినట్టు లెక్క కాదని. ‘సరైన కారణం లేకుండా’ కట్టకపోతే అని సెక్షన్‌లో ఒక మాట ఉంది, దాన్ని పట్టుకుని పిల్లని చూపించలేదు కాబట్టి కట్టలేదని చాలామంది వాదిస్తారు. నేనూ ఒక క్లయింటు తరఫున వాదించి చూశాను. నిలబడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు నష్టపోయింది డబ్బు దగ్గర కాదు, చూసే హక్కుని కాగితం మీద పెట్టించుకోకపోవడం దగ్గర. మనోవర్తి ఆర్డర్ ఇచ్చిన మేజిస్ట్రేటుకి ఆ సెక్షన్ కింద పిల్లని చూపించమని చెప్పే అధికారం లేదు. అందుకే ఆ కోర్టులో ‘నాకు చూపించట్లేదండీ’ అని మీరు ఎన్నిసార్లు మొత్తుకున్నా వాళ్లు ఏమీ చేయలేరు. దానికి వేరే పిటిషన్ వేయాలి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, పాప మామూలుగా ఎక్కడ ఉంటోందో అక్కడి కోర్టులో, అంటే మీ విషయంలో విజయనగరంలోనే. ఒకవేళ విడాకుల కేసు నడుస్తుంటే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద అందులోనే అడగొచ్చు. ప్రధాన పిటిషన్‌తో పాటు, అది తేలేవరకు పాపని చూసేందుకు మధ్యంతర ఉత్తర్వు ఇమ్మని ఇంకో పిటిషన్ కూడా వేయించండి. అది వేయకపోతే ఏళ్లు పడుతుంది.

అడిగేటప్పుడు ఆదివారం రెండు గంటలు అని మాత్రమే అడిగి ఊరుకోకండి. యశితా సాహు కేసులో 2020లో సుప్రీంకోర్టు, పిల్ల ఎవరి దగ్గర లేదో ఆ తండ్రికో తల్లికో రోజూ ఐదు పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే హక్కు ఉండాలని చెప్పింది. వీడియో కాల్ అడగండి, స్కూల్ ప్రోగ్రెస్ కార్డు కాపీ అడగండి, వేసవి సెలవుల్లో కొన్ని రోజులు అడగండి.

పాలకొండ రోడ్డు

ప్లీడర్ గారూ, మీరు చెప్పేది కాగితం మీద బాగుంటుంది. నా దగ్గర ఆ కాగితం ఉంది. మొదటి శనివారం కోర్టు ఆవరణలో రెండు గంటలు బాబుని చూపించమని ఆర్డర్. పదకొండు శనివారాల్లో నాలుగుసార్లు తెచ్చారు. మిగతా ఏడుసార్లు నేను వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుని జంతికల ప్యాకెట్ చేతిలో పెట్టుకుని గేటు వైపు చూసి ఇంటికెళ్లాను. వాళ్లకి ఏమైంది? ఏమీ అవ్వలేదు. నేను మూడు నెలలు కట్టకపోతే మాత్రం పోలీసు ఇంటికొచ్చాడు. ఇది న్యాయమా చెప్పండి. డబ్బు ఎగ్గొడితే జైలు, బిడ్డని ఎగ్గొడితే వాయిదా.

విజయనగరం ప్లీడర్

అన్నా, ఈ మాట దగ్గర నేను మీతో గొడవ పెట్టుకోలేను. అమలు విషయంలో రెండూ ఒక్కలా లేవు, నిజమే. చూపించమన్న ఉత్తర్వుని కావాలని పదే పదే మీరితే కోర్టు ధిక్కారం కింద వెళ్లొచ్చు, పోయిన రోజులకి బదులు రోజులు అడగొచ్చు, చివర్లో కస్టడీ ఎవరికివ్వాలో తేల్చేటప్పుడు ఆ ప్రవర్తన లెక్కలోకి వస్తుంది. కానీ దీనికి ఓపిక, డబ్బు, ఒక్కో వాయిదాకి ఒక రోజు కూలీ పోగొట్టుకోవడం కావాలి, అది అందరి వల్లా కాదు. అయినా వాళ్లు బాబుని తేని ప్రతిసారీ మీరు ఒక మెమో, అంటే ఆ రోజు తేలేదని కోర్టుకి రాసిచ్చే కాగితం, వేయించారా? ఏడుసార్లు రాలేదన్నది కోర్టు రికార్డులో ఉందా, మీ మనసులోనే ఉందా? నా అనుభవంలో తొంభై శాతం మంది తండ్రులు ఆ రోజు తిట్టుకుంటూ ఇంటికెళ్లిపోతారు, కాగితం పెట్టరు.

భావనపాడు ఒడ్డు

నేను ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయలేదు. పాలకొండ రోడ్డు అన్న మాటలు చూశాక ఊరుకోలేకపోతున్నాను.

డబ్బు ఆపితే దారికొస్తారంటున్నారు. ఎవరు దారికొస్తారు అన్నా? నేను చెబుతాను డబ్బు ఆగితే ఏమవుతుందో. మా ఆయన వేరావల్ బోట్లకి వెళ్లేవాడు, మా ఊళ్లో సగం మంది వెళ్లేదే. ఐదేళ్ల కిందట అక్కడే ఉండిపోయాడు, ఇంకో ఆవిడతో. ఊరి పెద్దలు కూర్చుని లక్షన్నర ఇప్పించి స్టాంపు పేపర్ మీద రాయించారు, ఇకపై నాకు గానీ బాబుకి గానీ ఏ హక్కూ లేదని, ఏమీ అడగనని. వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను, చదువొచ్చు నాకు. ఆ రోజు ఆ లక్షన్నరే కనపడింది, అందులో సగం మా నాన్న కిడ్నీ వైద్యానికే పోయింది. ఇప్పుడు పలాసలో మా అమ్మ దగ్గరుండి జీడిపిక్కల పనికి వెళ్తున్నాను. కేజీల లెక్క. జీడి పాలు తగిలి వేళ్ల చివర చర్మం ఊడిపోతుంది, బూడిద రాసుకుని చేస్తాం. బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. బూట్లు, పుస్తకాలు స్కూల్లోనే ఇచ్చారు, మధ్యాహ్నం అన్నం అక్కడే. మిగతాదంతా నా వేళ్ల మీదే.

నా బాబుని నేను ఎవరికీ చూపించనని అనలేదు. వాళ్ల నాన్న రానేలేదు. వస్తే నేనే కూర్చోబెట్టి అన్నం పెడతాను. కనక చూపించకపోతే ఆపేయండి అనేవాళ్లు, చూపిస్తానన్నా రాని వాళ్ల సంగతి కూడా ఒకసారి ఆలోచించండి.

ప్లీడర్ గారూ, సంతకం పెట్టేశాను కదా, ఇంక నాకు దారి లేనట్టేనా?

టెక్కలి తాతయ్య

అమ్మా, పెద్దమనుషుల్లో నేనూ చాలాసార్లు కూర్చున్నాను, అందుకే చెబుతున్నాను, అలాంటి కాగితాలు మేము రాయించింది తగువు ఆ పూటకి చల్లారడానికే. పిల్లల గురించి ఎవరం ఆలోచించలేదు. ఒకప్పుడు చట్టం కూడా అలాగే ఉండేది, 125 కింద ఎంత పెద్ద జీతగాడైనా నెలకి 500 దాటి ఇమ్మనడానికి లేదు, 2001లో ఆ హద్దు తీసేశారు. నా కొడుకు విదేశంలో ఉన్నాడు, కోడలు మనవడిని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. వాడు పంపాల్సింది పంపుతున్నాడు. నేను వీధి చివర నిలబడి స్కూల్ ఆటోలో మనవడు వెళ్తుంటే చూస్తాను. కోడలికి తెలుసు. ఆటో ఆపించదు, నన్ను పొమ్మనీ అనదు. ఇంతకంటే నేను చెప్పేదేం లేదు.

విజయనగరం ప్లీడర్

భావనపాడు అప్పా, దారి ఉంది, బాగా ఉంది. మీరు మీ మటుకు ఏదో ఒప్పుకుని ఉండొచ్చు, బాబు తరఫున వాడి పోషణ హక్కుని వదులుకునే అధికారం మీకు లేదు, మీకే కాదు, ఏ తల్లికీ తండ్రికీ లేదు. ఆ స్టాంపు పేపర్ బాబుకి అడ్డం రాదు. వాళ్లిచ్చిన లక్షన్నర లెక్కలో చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి.

ఆయన గుజరాత్‌లో ఉన్నాడని భయపడకండి. మీరు ఉంటున్న చోటే కేసు వేయొచ్చు. ఆర్డర్ వచ్చాక దాన్ని ఆయన ఎక్కడుంటే అక్కడి మేజిస్ట్రేటు దగ్గర అమలు చేయించుకోవచ్చు, ఆ ఆర్డర్ కాపీ మీకు రుసుము లేకుండా ఇవ్వాలి. నోటీసు అందిన రోజు నుంచి వీలైనంతవరకు 60 రోజుల్లో మధ్యంతర భరణం తేల్చాలని సెక్షన్‌లోనే ఉంది. ఫీజు సంగతి అడగకుండానే చెబుతున్నాను, 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ని పెడతారు. కోర్టు ఆవరణలో మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది, అక్కడికెళ్లి నోటితో చెప్పినా వాళ్లే రాసుకుంటారు. వెళ్లే ముందు అడగాలంటే 15100కి ఫోన్ చేయండి.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరులో సుప్రీంకోర్టు, భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి ఇవ్వాలని తేల్చింది. అంటే మీరు వేయని ప్రతి నెలా బాబుకి పోయినట్టే. రెండు వైపులా ఆస్తులు, సంపాదన అఫిడవిట్ మీద చెప్పాలని కూడా ఆ కేసులోనే పెట్టారు, కాబట్టి బోటు వాటా గీటా దాచిపెట్టి ‘నాకేం లేదు’ అంటే అంత తేలిగ్గా నడవదు. ఆర్డర్ వచ్చాక కూడా బద్ధకించొద్దు, బాకీ పడ్డ ఏడాదిలోపు బకాయి పిటిషన్ వేయాలి, అన్నీ కలిపి ఒకేసారి తర్వాత వేద్దాంలే అనుకుంటే పాతవి ఆ దారిలో రావు. ఇది ఎంతమంది ఆడవాళ్లు పోగొట్టుకున్నారో నాకు తెలుసు.

గరివిడి టీచర్

నాదీ ఒక మాట. నేను ఉద్యోగం చేస్తాను, జీతం మా ఆయనకంటే కొంచెం తక్కువ. ‘నువ్వు సంపాదిస్తున్నావుగా, నేనెందుకివ్వాలి’ అని రెండేళ్లు తిప్పాడు. పద్మజా శర్మ కేసులో 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఇద్దరూ సంపాదిస్తుంటే ఇద్దరూ సంపాదనని బట్టి పిల్లల ఖర్చు పంచుకోవాలని. 1956 హిందూ దత్తత, పోషణ చట్టంలో తల్లికి కూడా ఆ బాధ్యత ఉంది. కాబట్టి అమ్మ సంపాదిస్తే నాన్నకి మాఫీ అవదు, నాన్న ఇస్తున్నాడని అమ్మకీ మాఫీ అవదు. ఈ లెక్క నాకు ఒప్పుదలే.

చూపించడం దగ్గరికొస్తే, నేను కూడా కొన్నాళ్లు చూపించలేదు, సిగ్గుపడకుండా చెబుతున్నాను. ఒక ఆదివారం ఆయన బాగా తాగి వచ్చి నాలుగేళ్ల పిల్లాడిని బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని మెయిన్ రోడ్డు ఎక్కించాడు. ఆ తర్వాత మూడు నెలలు తలుపు తీయలేదు. మా లాయర్ తిట్టారు, నీకు భయం ఉంటే కోర్టుకి చెప్పి, ఎవరో ఒక పెద్ద మనిషి ఎదురుగా చూసేలా ఆర్డర్ తెచ్చుకో, నీ అంతట నువ్వు మూసేస్తే తప్పు నీ మీదకొస్తుందని. అలాగే తెచ్చుకున్నాం. ఇప్పుడు మా ఆడపడుచు ఇంట్లో చూస్తాడు, తాగడం లేదు, వాడు కూడా వెళ్లడానికి హుషారు పడతాడు.

ఫిట్టర్ గారూ, మిమ్మల్ని అనుమానించి కాదు, ఏడు నెలల కిందట ఆఖరిసారి వెళ్లినప్పుడు ఏం జరిగింది? తలుపు ఊరికే మూసుకోదు కదా, ఒక్కోసారి ఊరికే కూడా మూస్తారు, కానీ చాలాసార్లు ఏదో ఒకటి ఉంటుంది.

రణస్థలం ఫిట్టర్

మేడమ్ గారూ, మీరు అడగ్గానే చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మొదటి పోస్టులో అది రాయలేదు.

ఆ రోజు పాపకి కొత్త గౌను తీసుకెళ్లాను. మా మామగారు గుమ్మంలోనే ‘కాపురం చేయలేనోడివి గౌన్లెందుకు’ అన్నారు. నేను తాగలేదు, నాకా అలవాటు లేదు. కానీ గట్టిగా అరిచాను, వీధిలో వాళ్లంతా బయటికొచ్చారు, చేతిలో గౌను కవరు విసిరేశాను. అది వెళ్లి గుమ్మం పక్కనున్న తులసికోట దగ్గర పడింది. పాప లోపలి గదిలోంచి చూసింది. ఏడ్చింది. అదే నేను ఆఖరిసారి చూడ్డం. తప్పు ఆయన మొదలెట్టారని ఏడు నెలలుగా అనుకుంటున్నాను, అది నిజమే, కానీ పాప చూసింది నన్ను.

పాలకొండ రోడ్డు

మామగారు అలా అంటే ఎవరు మాత్రం ఊరుకుంటారు తమ్ముడూ. నువ్వు అరిచావని ఏడు నెలలు పిల్లని దూరం పెడతారా? అరుపుకి ఇంత శిక్షా?

బొబ్బిలి నర్సు

నాకు 24 ఏళ్లు. ఈ గొడవలో ఇక్కడ అందరూ అమ్మలూ నాన్నలూ తాతలూ మాట్లాడుతున్నారు, నేను ఆ పిల్లని. అందుకని కొంచెం ఎక్కువ రాస్తాను, చదవండి.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మా నాన్నా విడిపోయారు. అమ్మ చూపించలేదని నాన్న డబ్బు ఆపేశారు, నాన్న డబ్బు ఆపారని అమ్మ చూపించలేదు. ఏది ముందు మొదలైందో నాకు ఇప్పటికీ తెలీదు, ఇద్దరూ వేరేవేరేగా చెబుతారు, ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకుంటారు. స్కూల్ ఫీజు టర్మ్ వచ్చేసరికి అమ్మ ఫోన్ నా చేతికిచ్చి స్పీకర్ పెట్టేది. ‘నాన్నా, ఫీజు’ అనాలి. అమ్మ ఎదురుగా కూర్చుని పెదాలు కదిపేది, ఇంకా గట్టిగా అడగమని. అవతల నాన్న ‘మీ అమ్మనడుగు, నన్నెందుకు చూడనివ్వదో’ అనేవారు. నేను ఆ మాట అమ్మకి చెప్పాలి, అమ్మ మాట ఆయనకి చెప్పాలి. ఎనిమిదేళ్ల పిల్ల. అలా అలవాటై నాకు నాన్న గొంతు అంటే ఫీజు గుర్తొచ్చేది, ఇప్పటికీ ఆయన ఫోన్ వస్తే మొదటి క్షణం కడుపులో టెన్షన్ పుడుతుంది, ఆయన ఏదో కులాసాగా మాట్లాడదామని చేసినా సరే.

రెండేళ్లు డబ్బు ఆగింది. స్కూల్ మార్చారు, అది పెద్ద బాధ కాదు, కొత్త స్కూల్లో స్నేహితులు దొరికారు. పాత స్కూల్లో ఆఖరి రోజు ఆఫీసు రూం బయట నన్ను నిలబెట్టి బాకీ ఎంతో రాసిన కాగితం నా చేతికిచ్చారు, ఆ కాగితం మడతపెట్టి బ్యాగులో పెట్టుకుని ఇంటికొచ్చిన దారి మాత్రం నాకు మర్చిపోవడం లేదు. ఆ కాగితం నాన్నకి తెలుసా? తెలీదు. ఆయన అమ్మ మీద గెలుస్తున్నాననుకున్నారు.

పాలకొండ రోడ్డు అంకుల్, మీరు తాడు అన్నారు. ఆ తాడు ఆంటీ మెడకి లేదు.

ఇంకొకటి, పద్దెనిమిది నిండిన నెలే నాన్న ‘ఇక నా బాధ్యత అయిపోయింది’ అన్నారు. 125 కింద మామూలుగా మైనారిటీ తీరేవరకే అని ఎవరో చెప్పారట. పెళ్లికాని కూతురు తన కాళ్ల మీద నిలబడలేని స్థితిలో ఉంటే 1956 చట్టం 20వ సెక్షన్ కింద తండ్రి పోషించాల్సిందేనని, అభిలాషా అనే అమ్మాయి కేసులో 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పిందని నాకు నర్సింగ్ మూడో ఏడులో ఒక స్నేహితురాలి అక్క చెప్పింది. అప్పటికి అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి. నేను కేసు వేయలేదు, నాన్న మీద కేసు వేయడానికి మనసు రాలేదు. కానీ నాకు తెలిసి ఉంటే బాగుండేది.

ఫిట్టర్ అన్నయ్యా, మీ పాపకి ఆరేళ్లు, ఇంకా ఏమీ పాడవలేదు. మీరు డబ్బు వేయండి, వేసేటప్పుడు ఏదైనా రాసే చోటు ఉంటుంది కదా, అందులో పాప పేరు రాయండి, ‘చిన్నికి, నాన్న’ అని. నెలకొకటి. పెద్దయ్యాక చూసుకుంటుంది. నా దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు, అందుకే చెబుతున్నాను. పిల్లని అడిగి అమ్మ గురించి విషయాలు రాబట్టొద్దు. కోర్టులో పిల్ల ఇష్టం అడిగే వయసు వచ్చేసరికి, అదీ అడుగుతారు, ఆ పిల్ల ఏం చెబుతుందో ఇప్పుడు మీరిద్దరూ చేసే పనులే తేలుస్తాయి.

గరివిడి టీచర్

అమ్మా, నువ్వు రాసింది చదివి మా వాడి చేతికి నేను ఫోన్ ఇచ్చిన రోజులు గుర్తొచ్చాయి. ఇక ఇవ్వను.

పాలకొండ రోడ్డు

అమ్మాయి చెప్పింది కాదనలేను. కానీ నా మాట నేను పూర్తిగా వెనక్కి తీసుకోను. కట్టమంటున్నారు, కడతాను, నా కొడుక్కి కాకపోతే ఎవరికి. మరి చూపించమన్న ఆర్డర్ మీరిన వాళ్లని కూడా ఎవరో ఒకరు ఇలా కూర్చోబెట్టి అడగాలి కదా, పిల్లవాడికి తండ్రిని ఆపడం కూడా అన్నం ఆపినట్టే అని. ఆ మాట ఇక్కడ ఎవరూ గట్టిగా అనలేదు, నేను అంటున్నాను. ప్లీడర్ గారూ, ఆ మెమో ఎలా వేయాలో నాకు చెప్పండి. ఏడుసార్లదీ ఇప్పుడు వేయొచ్చా?

విజయనగరం ప్లీడర్

ఆ మాట సరైనదే అన్నా, నేనూ గట్టిగానే అంటాను. మైనర్ సంరక్షణ చట్టం 13వ సెక్షన్‌లో పిల్లల సంక్షేమమే అన్నిటికంటే ముందు అని ఉంది, అందులో అన్నం ఉంది, నాన్న కూడా ఉన్నాడు. తండ్రి సహజ సంరక్షకుడే, గీతా హరిహరన్ కేసులో 1999లో తల్లికి కూడా ఆ స్థానం ఉందని చెప్పారు, అంతే గానీ తండ్రిని తీసేయలేదు. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గర ఉండాలన్న మాటని పట్టుకుని, తండ్రి మొహం చూపించక్కర్లేదు అనుకునేవాళ్లు ఉన్నారు. అలా ఎక్కడా లేదు.

మీ ఏడు శనివారాలదీ తేదీలతో అఫిడవిట్ వేయండి, ఆ రోజు మీరు కోర్టుకొచ్చినట్టు ఏదైనా ఆధారం ఉందేమో చూడండి, బస్సు టిక్కెట్టు, ఫోన్‌లో తీసుకున్న ఫోటో, ఏదైనా సరే. ఇకమీదట రానిరోజు ఆ రోజే మెమో. మీ మూడు నెలల బకాయి మాత్రం ముందు తీర్చండి, చేతిలో బాకీ పెట్టుకుని వెళ్తే జడ్జి గారు మొదట అడిగేది అదే. ఆదాయం నిజంగా తగ్గితే ఆపడం కాదు, నెలనెలా కట్టే మొత్తాన్ని తగ్గించమని బీఎన్ఎస్ఎస్ 146 కింద అడగండి. అది హక్కు.

భావనపాడు ఒడ్డు

ప్లీడర్ గారూ, ఈ రోజు పని మానేసి కోర్టుకెళ్లాను. న్యాయసేవా కమిటీ గది దొరకడానికి కాస్త తిరిగాను. రాసుకున్నారు. బాబు పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, ఆ స్టాంపు పేపర్ జిరాక్స్ అడిగారు, సోమవారం పట్టుకెళ్తాను. ఒక మేడమ్ లాయర్‌ని పెడతామన్నారు. ఆయన వేరావల్‌లో ఏ బోటు యజమాని దగ్గర చేస్తున్నాడో మా ఊరి కుర్రాళ్లని అడిగి తెలుసుకోవాలి, నోటీసు వెళ్లడానికి. ఇన్నాళ్లూ సంతకం పెట్టానని నోరు మూసుకుని కూర్చున్నాను.

రణస్థలం ఫిట్టర్

మూడు వారాలైంది ఇక్కడ రాసి. రెండు నెలలదీ, ఈ నెలదీ కలిపి 18,000 వేశాను, మా బావ దగ్గర ఐదు వేలు చేబదులు తీసుకున్నాను. రాసే చోట పాప పేరు రాశాను. మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత తనే వచ్చి ‘గుంట ఏ తరగతిరా ఇప్పుడు’ అంది.

మామగారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మా ఊరి మాస్టారు ఒకరికి వాళ్లతో పరిచయం ఉంటే ఆయన చేత, ఆ రోజు వీధిలో అరవడం నాదే తప్పని చెప్పించాను. జవాబేం రాలేదు. పిటిషన్ వేశాం, మధ్యంతరంగా చూసేందుకు కూడా వేశాం, వీడియో కాల్ అడిగాం. ఎవరైనా పెద్ద మనిషి ఎదురుగా అయినా పర్వాలేదని నేనే రాయించాను, టీచర్ మేడమ్ చెప్పినట్టు. వచ్చే నెల 11న వాయిదా, పాపని తీసుకురావాలని నోటీసులో లేదు గానీ ఒకవేళ తెస్తారేమోనని మా లాయర్ అన్నారు.

మా ఆవిడ నంబరుకి ఒక్క మెసేజ్ పెట్టాను, పాప కాలి సైజు ఎంత అని మాత్రమే. బ్లూ టిక్ పడింది, జవాబు రాలేదు. నిన్న అదే షాపుకి వెళ్లి పదకొండు, పన్నెండు రెండు జతలూ కొన్నాను. సరిపోనిది మార్చుకోవచ్చా అని అడిగితే, బిల్లు ఉంచుకోండి సార్ అన్నాడు కుర్రాడు.